నది గట్టున కాంక్రీటులో పాతేసిన ట్యాంకు: ఎవరిది, ఎందుకు?

సైకిల్_సత్తిబాబు
మొన్న ఆదివారం డెవెంటర్‌లో సైకిలెక్కి ఐసెల్ నది గట్టు పట్టుకుని ఉత్తరం వైపు పోతున్నా. నెదర్లాండ్స్ వచ్చి మూడేళ్ళయింది, కాళ్ళు ఇప్పుడిప్పుడే లొంగుతున్నాయి. ఓల్స్ట్ దగ్గర దారి తప్పి ఓ పొలం అంచుకి చేరితే పొదల్లో ఇనుప తలకాయ ఒకటి కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే ట్యాంకు టరెట్! కింద బండి లేదు. చక్రాల్లేవు, చైన్లేదు. మెడ దాకా కాంక్రీటే. నాచు పట్టిన కాంక్రీటులోంచి టరెట్, దానికో గొట్టం, గొట్టం మూతిలో ఏ పిట్టో గూడు మొదలెట్టి వదిలేసినట్టు నాలుగు పుల్లలు. చెరువులో దిగిన గేదె తల ఒక్కటే పైకి పెట్టి చూసినట్టుంది.

జర్మన్లు కట్టిన బంకరేమో అనుకున్నా. సోమవారం ఆఫీసులో డచ్ కొలీగ్‌ని అడిగితే "మా వైపు ట్యాంకులా?" అని నన్నే ఎగాదిగా చూశాడు. ఆయన పుట్టి పెరిగింది అక్కడికి ఇరవై కిలోమీటర్లలో. ఎవరికైనా తెలుసా? ఏం ట్యాంకు, ఎవరు పాతారు, ఎందుకు పాతారు?

నస_నాగరాజు
ఫొటో లేకపోతే జరగనట్టే లెక్క.

సైకిల్_సత్తిబాబు
ఎదురుగాలిలో వీడియోలు తీసి తీసి ఫోన్ అప్పటికే చచ్చింది.

పాత_ఇనుము
జర్మన్లది కాదు. యుద్ధమయ్యాక, 1950ల మొదట్లో డచ్ సైన్యమే పాతుకున్నది. మీరు తొక్కిన గట్టంతా ఒకప్పటి 'ఐసెల్ లైన్'. నైమేగన్ నుంచి కాంపెన్ దాకా సుమారు 120 కిలోమీటర్లు. సోవియట్ సైన్యం జర్మనీ దాటి వస్తే నీళ్ళు వదిలి ఆపాలని పథకం. ఆ నీళ్ళ ఏర్పాట్లను కాపలా కాయడానికి ఫిరంగులు, వాటి మధ్యలో ఇలా మెడ దాకా పూడ్చిన పాత ట్యాంకులు.

మీ కొలీగ్ తప్పేం లేదు. ఈ లైన్ సంగతి 1990 దాకా బయటికి పొక్కలేదు. పొలం పక్కనే ఉన్నా అదేమిటో అడగకూడదని ఊళ్ళో వాళ్ళకి తెలుసు, అంతే.

కృష్ణా_డెల్టా
నీళ్ళు వదలడం అంటే? ప్రకాశం బ్యారేజీ గేట్లు దించేసి కింద ఊళ్ళు ముంచినట్టా?

డెల్ఫ్ట్_శ్రీలత
గేట్లు దించితే మునిగేది పైన అండీ, కింద కాదు. డెల్టా అని పేరు పెట్టుకుని మీరే ఇలా అంటే ఎలా 😀

నేను ఇక్కడ నీటి పనులే చదివాను కాబట్టి చెప్తా. రైన్ నది నెదర్లాండ్స్‌లోకి రాగానే చీలిపోతుంది. పెద్ద పాయ వాల్, ఇంకోటి నెదర్‌రైన్, మూడోది ఉత్తరానికి పోయే ఐసెల్. నైమేగన్ దగ్గర వాల్‌కి అడ్డంగా, ఆర్నెమ్ దగ్గర నెదర్‌రైన్‌కి అడ్డంగా తేలే ఆనకట్టలు సిద్ధంగా పెట్టారు. మామూలు రోజుల్లో ఒడ్డున తేలుతూ ఉంటాయి. అవసరమైతే లాక్కొచ్చి నది మధ్యలో ముంచేయాలి. రెండు దార్లూ మూసుకుంటే రైన్ నీళ్ళన్నీ ఐసెల్‌లోకి తోసుకొస్తాయి. అవి సముద్రం వైపు జారిపోకుండా ఓల్స్ట్ దగ్గర మూడో ఆనకట్ట. ఇక పోవడానికి దారి లేక గట్లు దాటి పొలాల మీద పరుచుకోవాలి. నడవడానికి లోతెక్కువ, పడవకి లోతు తక్కువ. అదీ లెక్క. 4 లక్షల మందిని ముందే ఖాళీ చేయించాలి.

నస_నాగరాజు
4 లక్షల మందికి "ఎందుకు" అని చెప్పకుండా?

డెల్ఫ్ట్_శ్రీలత
నీళ్ళు వచ్చే రోజున చెప్తారన్నమాట. ఇందులో ఇంకో విడ్డూరం చూడండి. ఒక పక్క నీళ్ళని ఆయుధం చేసుకుంటూ ఇవన్నీ కడుతుండగానే, 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున నైరుతిలో సముద్రం గట్లు తెంచుకుని వచ్చి 1,836 మందిని పొట్టన పెట్టుకుంది.

పోరుబండి
సత్తిబాబు గారి ప్రశ్నలో అసలు సగం మిగిలిపోయింది. ట్యాంకులు ఎక్కడివి? డచ్చోళ్ళ దగ్గర ట్యాంకులు ఉన్నట్టు నేను వినలేదు.

పాత_ఇనుము
మంచి ప్రశ్న. కాస్త పొడుగు జవాబు, ఓపిక పట్టండి.

1940 మే 10న జర్మన్లు దాడి చేసేనాటికి డచ్ సైన్యానికి సాయుధ కార్లు కొన్ని ఉన్నాయి గానీ, యుద్ధానికి దింపగల ట్యాంకు ఒక్కటీ లేదు. ఐదు రోజుల్లో కథ ముగిసింది. ఐదేళ్ళ తర్వాత దేశంలో చాలా భాగాన్ని విడిపించింది కెనడా సైన్యం. వాళ్ళు ఇంటికి వెళ్తూ వెళ్తూ డంపుల నిండా బండ్లు వదిలేశారు. సముద్రం దాటించే ఖర్చు బండి విలువ కంటే ఎక్కువ.

ఆ వదిలేసిన వాటిలో 'ర్యామ్' అనే ట్యాంకు ఉంది. కెనడా వాళ్ళు సొంతంగా, మాంట్రియల్‌లో 1941 నుంచి 1943 దాకా చేసుకున్నది. రెండు వేలకి అటూ ఇటూగా చేశారు. చేసి ఇంగ్లండ్ పంపి శిక్షణలు చేశారు, చేశారు, చేస్తూనే ఉన్నారు. తీరా నార్మండీలో దిగే టైముకి అందరికీ అమెరికన్ షెర్మన్ ట్యాంకులు ఇచ్చేశారు. ర్యామ్ తన ఫిరంగితో ఒక్క యుద్ధమూ చేయలేదు. చాలావాటికి టరెట్ పీకేసి, ఆ గుంతలో పదాతి దళాన్ని కూర్చోబెట్టి 'కంగారూ' అని పేరు పెట్టి వాడారు. ఆ పనిలో మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

1945లో కెనడా ప్రభుత్వం డచ్ వాళ్ళతో "మీ నేల మీద డంపుల్లో ఉన్న ర్యామ్‌లు మీరే ఉంచుకోండి, పైసా ఇవ్వక్కర్లేదు" అంది. కంగారూలుగా మార్చనివి ఏరుకుని 1వ, 2వ ట్యాంకు బెటాలియన్లు లేపారు. కాగితం మీద ఒక్కోదానికి 53 ట్యాంకులు. నడిచేవి ఎన్నో అది వేరే కథ.

కిట్టయ్య
ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారన్నమాట, డచ్చోళ్ళు కూడా మనలాంటోళ్ళే.

పోరుబండి
ర్యామ్ అంటే పొట్టేలు కదా. సోవియట్ సైన్యం మీదికి ఇవి పంపడం అంటే కొండని పొట్టేలు ఢీకొన్నట్టే.

పాత_ఇనుము
మీ హ్యాండిల్ చూసి గుర్తొచ్చింది. డచ్‌లో అప్పట్లో ట్యాంకుని 'వెఖ్ట్‌వాగన్' అనేవారు. అంటే అచ్చంగా పోరుబండే!

పోరుబండి
నేను మా పాత బైకుకి పెట్టుకున్న పేరండీ అది. రోజూ స్టార్ట్ చేయడమే పోరు.

కాజీపేట_లోకో
మాంట్రియల్ అంటే గా మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్సేనా? నాకు ర్యామ్ సంగతి తెల్వదు గని గా కంపెనీ మస్తు తెల్సు. యుద్ధం టైమ్ల మన దేశానికి సీడబ్ల్యూడీ ఆవిరి ఇంజన్లు చేసిచ్చిన రెండు కెనడా కంపెనీలల్ల అదొకటి. దాని పెద్ద కంపెనీ అమెరికాల ఆల్కో. మా కాజీపేట షెడ్డుల ఏండ్లకేండ్లు తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ గా ఆల్కో డిజైనే. అంటే మన ఇంజన్కి గా ట్యాంకు మేనబావ అయితది.

నస_నాగరాజు
మేనబావ కాదన్నా, పెదనాన్న కొడుకు. పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ అన్నావు కదా.

మోడరేటర్
చుట్టరికం తేల్చుకోవడానికి వేరే దారం తెరవండి.

వేలం_వీర్రాజు
"నడిచేవి ఎన్నో అది వేరే కథ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంటి కథ అది.

మా నాన్న 1980ల్లో డిస్పోజల్ వేలంలో ఒక మిలటరీ జీపు కొన్నాడు. చవగ్గా వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచాడు. మొదటి నెల క్లచ్ ప్లేటు. రెండో నెల గేర్‌బాక్సు. ఆ మోడల్ సామాను మామూలు షాపుల్లో లేదు. విజయవాడ ఆటోనగర్లో ఒకాయన దగ్గర ఉంది, ఆయన మా నాన్న మొహం చూసి రేటు చెప్పేవాడు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అంటారే, అదే. ఆఖరికి ఇంకో చచ్చిన జీపు కొని, దాని ఒళ్ళు కోసి దీనికి పెట్టుకుంటూ నాలుగేళ్ళు నడిపాడు. ఒక జీపు నడవడానికి రెండు జీపులు.

డచ్ వాళ్ళకీ అదే గతి పట్టి ఉంటుందని నా అనుమానం.

పాత_ఇనుము
అనుమానం కాదు, అక్షరాలా అదే. ఏళ్ళ తరబడి శిక్షణలో అరగ్గొట్టిన బండ్లు అవి. 1943లోనే తయారీ ఆపేశారు కాబట్టి కొత్త సామాను రాదు. రెండు బెటాలియన్లూ నిండనే లేదు. 1947లో బ్రిటన్ తన నిల్వల్లోంచి దాదాపు నలభై ర్యామ్‌లు ఇచ్చింది. వాటి ఒంట్లో కాస్త సత్తువ ఉంది, పైగా 57 మి.మీ. బదులు 75 మి.మీ. ఫిరంగి. అయినా లోటు తీరలేదు.

రిటైర్డ్_ఉస్తాద్
నేను ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు రిపేరు చేసే విభాగంలో, 24 ఏళ్ళు చేశాను బాబూ. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్. నా చేతి పని విజయంత, టీ-55 ట్యాంకులు. కానీ నాకు పని నేర్పిన ఉస్తాద్ షెర్మన్ల మీద పనిచేసినవాడు. మీరు ర్యామ్ అంటున్న దాంట్లో కూడా షెర్మన్ మొదటి రకాల ఇంజనే ఉంటుంది, కాంటినెంటల్ రేడియల్. అసలు విమానం ఇంజన్. తొమ్మిది సిలిండర్లు బండి చక్రం ఆకుల్లా చుట్టూ ఉంటాయి.

దాని గొడవ ఏమిటో ఆయన మాకు చేత్తో గాల్లో గీసి చూపించేవాడు. బండి రాత్రంతా నిలబడితే నూనె కిందికి కారి, కింది వైపు తిరిగి ఉన్న సిలిండర్ల తలల్లో చేరుతుంది. పొద్దున్నే కుర్రాడొచ్చి సరాసరి బటన్ నొక్కాడనుకో, పిస్టన్ ఆ నూనెని అదమలేదు. నూనె అణగదు కదా. కనెక్టింగ్ రాడ్డు వంకాయ తొడిమలా వంగిపోతుంది. అందుకని ముందు వెనక తలుపు తీసి, హ్యాండిల్ దూర్చి, ఇద్దరు జవాన్లు యాభై చుట్లు తిప్పాలి. చలికాలంలో ఆ తిప్పుడుకే చొక్కాలు తడిసేవట. "పది చుట్లు తిప్పి యాభై అని చెప్పినవాడి ఇంజన్ నా దగ్గరికొచ్చేది" అనేవాడు.

అరిగిపోయిన బండ్లు, కొత్త కుర్రాళ్ళు. డచ్ వాళ్ళు ఎన్ని రాడ్లు వంచారో ఊహించుకోగలను.

కృష్ణా_డెల్టా
ఉస్తాద్ గారూ, ఇలాంటివి ఇంకా రాయండి. ఒక్క ముక్కలో ఇంజన్ కళ్ళకి కట్టింది.

మోడల్‌కిట్_మాధవి
షెర్మన్లలో కూడా ఒక్కో రకానికి ఒక్కో ఇంజన్ అని చెప్పండి ఉస్తాద్ గారూ. నేను కిట్ కట్టేటప్పుడు ఇంజన్ మూత కింద ఏముందో చూసి నవ్వాగలేదు. ఎం4ఏ4 రకంలో క్రైస్లర్ వాళ్ళు ఆరు సిలిండర్ల కారు ఇంజన్లు ఐదు తెచ్చి ఒకే షాఫ్టుకి కట్టారు. 30 సిలిండర్లు, 30 ప్లగ్గులు! అది పట్టడానికి బండి పొడుగే పెంచాల్సొచ్చింది. అమెరికన్లు తమకొద్దని ఎక్కువ భాగం బ్రిటిష్ వాళ్ళకి అంటగట్టారు.

రిటైర్డ్_ఉస్తాద్
ఆ ముప్పై ప్లగ్గుల బండి గురించి మా ఉస్తాద్ చెప్పేది ఒక్కటే: "ముప్పయ్యోది మార్చేసరికి మొదటిది పోతుంది."

కిట్టయ్య
నాకో సందేహం. షెర్మన్లు కూడా కెనడా వాళ్ళ దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్నాయి కదా. అవి ఇవ్వకుండా ఎవరూ వాడని ర్యామ్‌లే ఎందుకిచ్చారు? దానం అంటే చిరిగిన చొక్కాలేనా?

పాత_ఇనుము
షెర్మన్లు అమెరికా లెండ్-లీజు సరుకు. వాడుకోవడానికి అప్పిచ్చినవి. మూడో దేశం చేతిలో పెట్టాలంటే అమెరికా ఊ అనాలి. ర్యామ్ కెనడా సొంత బిడ్డ, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. అందుకే ముందు అవి వచ్చాయి. షెర్మన్లు తర్వాత్తర్వాత వచ్చాయి. 17 పౌండర్ ఫిరంగి ఉన్న ఫైర్‌ఫ్లై రకం కూడా డచ్ సైన్యం వాడింది.

పోరుబండి
అసలు సొంత డబ్బుతో మంచివి కొనుక్కోలేదా? ఫిలిప్స్, షెల్ ఉన్న దేశం. పిసినారితనం కాకపోతే ఏమిటి.

డెల్ఫ్ట్_శ్రీలత
పోరుబండి గారూ, ఇది మాత్రం ఒప్పుకోను. 1944-45 చలికాలంలో పడమటి ఊళ్ళల్లో జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆకలికి 20 వేల మంది దాకా పోయారు. వంతెనలు కూలిపోయాయి, రోటర్‌డామ్ నడిబొడ్డు ఖాళీ మైదానం. అలాంటి దేశం ట్యాంకులు కొనాలా?

వేలం_వీర్రాజు
శ్రీలత గారు చెప్పింది నిజమే కానీ సగమే. డబ్బులు లేవని కాదు, వేరే చోట పెట్టారు. ఇండోనేషియాలో. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న దేశాన్ని మళ్ళీ పట్టుకోవడానికి లక్షకు పైగా సైన్యాన్ని ఓడలెక్కించారు. 1947 జులైలో ఒక దాడి, 1948 డిసెంబర్లో ఇంకో దాడి. ఇంటి దగ్గర ట్యాంకు బెటాలియన్లు తుప్పు పడుతుంటే కుర్రాళ్ళు జావాలో ఉన్నారు.

డెల్ఫ్ట్_శ్రీలత
ఆ మాట ఒప్పుకుంటున్నా. ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చట ఎత్తితే టీవీ వాల్యూమ్ పెంచుతారు.

కృష్ణా_డెల్టా
జావా అంటే మా ఇంట్లో ఒక కథ ఉంది. మా తాతయ్య బ్రిటిష్ ఇండియా సైన్యంలో లారీ డ్రైవరు. జపాన్ లొంగిపోయింది, ఇంటికి పంపిస్తారనుకుంటే 1945 చివర్లో జావాలో దించారట. సురబాయలో అక్టోబర్ 30న బ్రిటిష్ బ్రిగేడియర్ మాలబీని చంపేశాక నవంబరంతా ఊళ్ళో పోరు. "ఎవరి కోసం ఎవరి మీద కాలుస్తున్నామో మాకే తెలీదు. అవతలివాడూ మనలాగే దొరల్ని పొమ్మంటున్నవాడు" అనేవాడట. బామ్మ చెప్పిందే, నేను ఆయన్ని చూడలేదు.

పాత_ఇనుము
మీ తాతయ్య లాంటి వేలమంది భారత సైనికులు వెళ్ళిపోయాక ఆ ఊళ్ళు డచ్ చేతికి వచ్చాయి. అక్కడి డచ్ వలస సైన్యం నడిపింది స్టువార్ట్ అనే తేలిక ట్యాంకులు, అవీ యుద్ధంలో మిగిలినవే. 1949 డిసెంబర్ 27న అధికారం అప్పగించాక ఆ స్టువార్ట్‌లు ఇండోనేషియా సైన్యానికి పోయాయి. ఎవర్ని అణచడానికి తెచ్చారో చివరికి వాళ్ళ సొత్తే అయ్యాయి.

కాజీపేట_లోకో
గా స్టువార్ట్లు, షెర్మన్లు మన దగ్గర గూడ తిరిగినయ్ కదా. 1948 సెప్టెంబర్ 13న సోలాపూర్ రోడ్డు మీదికెల్లి నల్‌దుర్గ్ దాటుకొని హైదరాబాద్ రాజ్యంలకి వచ్చిన సైన్యంతోని ఉన్నవి గవ్వే. మా నాయిన్మ ఊరి మీదికెల్లి పోంగ సూసిందట. "ఇనుప ఇండ్లు నడ్సుకుంట పోయినయ్" అని చెప్తుండె.

రిటైర్డ్_ఉస్తాద్
అదే ఏడు నవంబర్ 1న కాశ్మీర్‌లో జోజిలా కనుమ మీదికి ఎక్కించినవి కూడా స్టువార్ట్‌లే, 7వ కేవల్రీ. పాతవే అయినా అంత ఎత్తుకి ట్యాంకు వస్తుందని అవతలివాడు కలలో కూడా అనుకోలేదు. పాత బండి అని తీసిపారేయొద్దు బాబూ. ఎక్కడ పెట్టావు, ఎవరు తోలారు, అదే లెక్క.

పోరుబండి
ఉస్తాద్ గారూ, అదే పాయింటు నేను తిప్పి అడుగుతా. కదిలేదే ట్యాంకు. దాన్ని ఇంజన్ పీకి కాంక్రీటులో పాతేస్తే ఇక అది ట్యాంకేంటి? గోడలో మేకు. శత్రువు ఎక్కడుందో ఒకసారి చూసుకుంటే ఫిరంగితో కొడతాడు, లేదా చుట్టూ తిరిగిపోతాడు. శుద్ధ దండగ.

పాత_ఇనుము
చుట్టూ తిరిగిపోవడానికి చుట్టూ నీళ్ళేగా! అందుకే అక్కడ పెట్టింది. ఆనకట్ట మునిగి, నీళ్ళు పరుచుకునేదాకా దాన్ని ఎవరూ పేల్చకుండా కాపాడాలి. పారాచూట్ల మీద దిగేవాళ్ళు, మారువేషంలో వచ్చేవాళ్ళు, వీళ్ళ భయం. అలాంటి పనికి కదిలే ట్యాంకు అక్కర్లేదు, కవచం వెనక ఫిరంగి చాలు. కొత్త బంకరు పోయాలంటే ఉక్కు కావాలి, ఫిరంగి కావాలి, తిరిగే టరెట్ కావాలి. మూడూ ఒకేచోట, కదలని బండి రూపంలో, ఊరికే పడి ఉన్నాయి. నడిచే భాగం పాడైంది, కాల్చే భాగం బాగుంది. బయటి చుట్టూ రెండడుగుల మందాన కాంక్రీటు పోశారు.

వేలం_వీర్రాజు
మా నాన్న రెండో జీపుని కూడా చివరికి అలాగే చేశాడు. చాసిస్ పూడ్చి దాని మీద బోరు మోటారు బిగించాడు. పన్నెండేళ్ళు కదల్లేదు, మోటారూ ఆగలేదు.

పోరుబండి
సరే, కాపలాకి ఒప్పుకుంటా. కానీ 57 మి.మీ. గుండు సోవియట్ టీ-34 ట్యాంకుకి ఏం ఆనుతుంది?

మోడల్‌కిట్_మాధవి
దగ్గర్నుంచి బాగానే ఆనుతుంది. 6 పౌండర్‌కి (ఆ 57 మి.మీ. ఫిరంగి పేరే అది) 1944లో వచ్చిన కొత్త రకం గుండు, పైతొడుగు ఊడిపోయి లోపలి మేకు ఒక్కటే దూసుకుపోయేది, 75 మి.మీ. కంటే ఎక్కువ కవచం చీల్చేది. 75 గొప్పతనం కవచం చీల్చడంలో కాదు, మనుషుల మీద పేలే గుండులో. బ్రిటిష్ వాళ్ళు 6 పౌండర్ గొట్టాన్నే వెడల్పు చేసి 75 చేశారు, బిగింపు అదే. అందుకే చిన్న ర్యామ్ టరెట్‌లో కూడా పట్టింది. దాని టరెట్ కూర్చునే రింగు 60 అంగుళాలే, షెర్మన్‌ది 69.

సైకిల్_సత్తిబాబు
మీరంతా ఇంత దూరం వెళ్ళిపోయారు, నేను ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నా. నేను చూసింది ర్యామా, షెర్మనా?

నస_నాగరాజు
ర్యామ్. పందెం బిర్యానీ.

మోడల్‌కిట్_మాధవి
ఓల్స్ట్ చుట్టుపక్కల పాతినవాటిలో షెర్మన్లు ఉన్నాయని నాకు తెలుసు, కాబట్టి పందెం నేను షెర్మన్ మీద కాస్తా. గుర్తుపట్టడం సులువే సత్తిబాబు గారూ. టరెట్ మూతి చూడండి. ర్యామ్ అయితే ముందు ఒక పలక, చుట్టూ లావుపాటి బోల్టులతో బిగించి ఉంటుంది. ఫిరంగి మార్చాలంటే ఆ పలక ఊడదీస్తారు. షెర్మన్ అయితే గొట్టం మొదట్లో గుండ్రంగా పోతపోసిన కవచం, బోల్టుల గోల ఉండదు.

సైకిల్_సత్తిబాబు
బోల్టులు చూసినట్టూ ఉంది, చూడనట్టూ ఉంది. పుల్లలే గుర్తున్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తా. ఈసారి ఫోన్ నిండా చార్జింగ్.

డెల్ఫ్ట్_శ్రీలత
వెళ్తే అక్కడే డెన్ హారె ఎస్టేట్‌లో ఐసెల్ లైన్ కమాండ్ బంకరు, ఆసుపత్రి బంకరు ఉన్నాయి, అవి కూడా చూడండి. పూర్తి కాళ్ళతో ఉన్న ట్యాంకులు చూడాలంటే సూస్టర్‌బర్గ్‌లో సైనిక మ్యూజియం ఉంది, ఓవర్‌లోన్‌లో యుద్ధ మ్యూజియం ఉంది. టరెట్ పీకిన కంగారూ ఒకటి మిల్ అనే ఊళ్ళో స్మారకంగా నిలబెట్టారు.

కిట్టయ్య
ఇంతకీ ఆ రెండు బెటాలియన్లు చివరికి ఏమయ్యాయి? పొట్టేళ్ళతోనే కాలక్షేపమా?

పాత_ఇనుము
1949లో నాటో పెట్టిన 12 దేశాల్లో ఇదొకటి. అమెరికా సాయం తలుపు తెరుచుకుంది. నిఘా దళానికి అమెరికన్ చాఫీ తేలిక ట్యాంకులు వచ్చాయి. ట్యాంకు దళానికి అమెరికా డబ్బుతో బ్రిటిష్ సెంచూరియన్లు వచ్చాయి, 1952-53 నుంచి. అప్పుడు పొట్టేళ్ళకి విశ్రాంతి. కొన్ని తుక్కుకి, కొన్ని కాంక్రీటుకి. తర్వాత ఫ్రెంచి ఏఎంఎక్స్-13 కూడా కొన్నారు. సరదా ఏమిటంటే షెర్మన్, సెంచూరియన్, ఏఎంఎక్స్-13, ఈ మూడూ 1965లో మన సైన్యం దగ్గర కూడా ఉన్నాయి.

ఐసెల్ లైన్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పశ్చిమ జర్మనీ 1955లో నాటోలో చేరాక అడ్డుకునే గీత తూర్పుకి జరిగింది. 1960ల్లో విప్పేశారు. ఆనకట్టలు తీసేశారు, ఫిరంగులు తీసేశారు. కాంక్రీటులో ఉన్నవి తీయాలంటే పగలగొట్టాలి, అంత ఓపిక ఎవరికుంది.

సైకిల్_సత్తిబాబు
వెళ్ళొచ్చా. (మోడరేటర్ గారూ, ఫొటో ఎక్కడం లేదు, సైజు ఎక్కువంటోంది.)

మాధవి గారు గెలిచారు. పలక లేదు, బోల్టుల్లేవు, గొట్టం మొదట్లో గుండ్రటి కవచం. షెర్మనే. చెయ్యి పెట్టి చూశా, పోతపోసిన ఇనుము గరుగ్గా నారింజ తొక్కలా ఉంది. పైమూత వెల్డింగ్ చేసేశారు. లోపలికి తొంగిచూసే చీలికలో ఎవరో సిమెంటు కుక్కారు.

అటుగా కుక్కని తిప్పుతూ ఒక పెద్దాయన వచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. నా అరకొర డచ్చులో అడిగా, ఇది మీ చిన్నప్పుడు ఉందా అని. ఉందన్నాడు. దీని చుట్టూ ముళ్ళకంచె ఉండేదట. బడికి వెళ్ళేటప్పుడు రోడ్డుకి ఆ పక్కన నడవమని వాళ్ళమ్మ చెప్పేదట. "అది ఏమిటి అని అడిగితే ఏమనేది?" అన్నా. "నీళ్ళ శాఖ వాళ్ళది" అనేదట.

డెల్ఫ్ట్_శ్రీలత
ఆమె అబద్ధమేం చెప్పలేదు!

రిటైర్డ్_ఉస్తాద్
టరెట్ తిరుగుతుందా బాబూ?

సైకిల్_సత్తిబాబు
గొట్టానికి భుజం ఆనించి తోశా ఉస్తాద్ గారూ. కదల్లేదు. పెద్దాయన నవ్వి, "నేనూ పదేళ్ళప్పుడు తోశాను" అన్నాడు.

మోడల్‌కిట్_మాధవి
నాగరాజు గారూ, బిర్యానీ.

నస_నాగరాజు
ఫొటో ఎక్కాక.